కంట్రోల్ రూమ్ లెక్క ఎవరు చూడాలి?

ఎర్రగడ్డ మెయిన్ రోడ్డు మీద ఛాతీ ఆసుపత్రి, మానసిక వైద్యశాల, రైతుబజార్, మెట్రో స్టేషన్ ఉన్నాయి. ఆ రోడ్డు దిగితే ఇరుకు గల్లీల్లో బస్తీలు. ఇక్కడ అర్ధరాత్రి మంటలు లేస్తే పోలీసులు, ఫైర్ సర్వీస్, 108, కరెంటు సిబ్బంది, జలమండలి, జీహెచ్‌ఎంసీ అందరూ కదలాలి. ఒక శాఖ సెట్‌లో చెప్పిన మాట ఇంకో శాఖకు వినపడకపోతే నష్టపోయేది గల్లీ చివరి ఇల్లే. కాబట్టి ఈ శాఖల వైర్‌లెస్ వ్యవస్థలను కలపడాన్ని మేం వ్యతిరేకించడం లేదు. కలిపాక దాని మీద పర్యవేక్షణ ఎవరిది అన్నదే మా ప్రశ్న.

కలవకపోతే ఏమవుతుందో 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో కనిపించింది. టవర్ కూలేలా ఉందని పోలీసు హెలికాప్టర్ నుంచి వచ్చిన హెచ్చరిక, వేరే ఛానళ్లలో ఉన్న ఫైర్ సిబ్బందిలో చాలామందికి చేరలేదు. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ తర్వాత అమెరికా 2012లో చట్టం చేసి ఈ శాఖలన్నింటికీ ఉమ్మడి నెట్‌వర్క్ కోసం ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. మన దేశంలో ట్రాయ్ కూడా 2018 జూన్‌లో దేశమంతటికీ అత్యవసర సేవల బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ ఒకటి కావాలని సిఫార్సు చేసింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం రక్షణ, విపత్తు నిర్వహణ వంటి అవసరాలకు వేలం లేకుండా స్పెక్ట్రం ఇవ్వవచ్చని చెప్పింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ప్రజల ఆస్తిని వేలం లేకుండా వాడుకునేవాళ్లు ప్రజలకు లెక్క చెప్పాలి కదా.

హైదరాబాద్‌లో ఈ కలయిక అంచెలంచెలుగా వచ్చింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైంది. 2019 ఫిబ్రవరిలో తెలంగాణ 112లో చేరింది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. వేరువేరు శాఖలు ఒకేచోట కూర్చుని పనిచేసేందుకు దీన్ని కట్టామని ప్రభుత్వం చెప్పింది. ఆపదలో అది మంచిదే. కానీ కెమెరాల దృశ్యాలు చేరేది కూడా అక్కడికే. 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు తనను రోడ్డు మీద ఆపి ఫొటో తీసుకున్నాక, సామాజిక కార్యకర్త ఎస్.క్యు. మసూద్ ముఖ గుర్తింపు టెక్నాలజీ మీద హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. బస్తీని చూడడానికి ఉన్నంత చురుకుదనం, బస్తీ పిలిస్తే రావడానికి కూడా ఉందా?

దళితులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపినప్పుడు పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. అక్కడ కొరవడింది సిగ్నల్ కాదు, కాపాడాలన్న బాధ్యత. ఎంత మంచి సెట్ చేతికిచ్చినా ఆ బాధ్యత దానంతట అది రాదు. అయితే కొత్త వ్యవస్థ ఒక పని చేయగలదు. కాల్ ఎన్ని గంటలకు వచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది అన్నది అందులో నమోదవుతుంది. ఆలస్యం జరిగితే దాచడం కష్టం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 4 ప్రకారం, ఎస్సీ ఎస్టీలు కాని ప్రభుత్వ ఉద్యోగి ఈ చట్టం కింద తన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. కావాలనే చేశాడని చూపించడం దగ్గరే మన కేసులు ఆగిపోతాయి. అక్కడ కంట్రోల్ రూమ్ రికార్డు సాక్ష్యంగా నిలబడగలదు. కానీ ఆ రికార్డు పోలీసుల చేతిలోనే ఉంటే తప్పు చేసినవాడి దగ్గరే తాళం ఉన్నట్టు.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 1995 నిబంధనల్లో రూల్ 16 కింద ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలి. రూల్ 17 కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. పోలీస్ స్టేషన్ల కెమెరాల విషయంలో సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న ఇదే దారి చూపింది. రాష్ట్ర, జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. కెమెరాకు వర్తించే నియమం వైర్‌లెస్‌కు ఎందుకు వర్తించకూడదు?

మా డిమాండ్లు మూడు. అట్రాసిటీ ఫిర్యాదులకు సంబంధించిన 112 కాల్, వైర్‌లెస్ రికార్డులు కేసు ముగిసేదాకా భద్రపరచాలి. వాటి సారాంశాన్ని ప్రతి జిల్లా కమిటీ సమావేశంలో పెట్టాలి. మ్యాన్‌హోల్ దగ్గర పనిచేసే సఫాయి కార్మికులను కూడా అత్యవసర సిబ్బందిగా గుర్తించి ఈ నెట్‌వర్క్‌లో చేర్చాలి.

విద్యార్థులు, కార్యకర్తలు ఇప్పుడే చేయగలిగిన పని కూడా ఉంది. 112కి ఫోన్ చేస్తే సమయం రాసిపెట్టుకోండి, బండి వచ్చిన సమయం కూడా రాయండి. సమాచార హక్కు చట్టం కింద ఆ కాల్ రికార్డు అడగండి. భద్రతా విభాగమని తప్పించుకోజూస్తే, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారానికి సెక్షన్ 24(4) మినహాయింపు వర్తించదని గుర్తుచేయండి. ఆ రెండు సమయాలను పక్కపక్కన పెట్టి జిల్లా కమిటీ ముందు జవాబు అడగండి.