పేరు లేని శిస్తు

చంద్రబాబు నాయుడు గారు 2012లో పాలమూరు జిల్లాలో నడిచారు. అక్టోబర్ 2న హిందూపురంలో మొదలుపెట్టిన పాదయాత్ర మన దాకా వచ్చింది. దారి పొడుగునా కరెంటు కోతలు, సర్‌చార్జీలు, రైతు కష్టాల గురించి చెప్పారు. అప్పుడు ప్రతిపక్ష నాయకుడు కాబట్టి చెప్పాల్సిందే, అందులో తప్పేం లేదు. కాకపోతే ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు బిల్లు బాకీ ఉన్న రైతుల స్టార్టర్లు ఊడబెరుక్కుపోయిన సంగతి ఈ ఊళ్లలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

మా బాయికాడ కూడా అదే జరిగింది. నాటేసి మూడు వారాలు కాలేదు. పొద్దున్నే వచ్చి స్టార్టర్ డబ్బా విప్పి తీసుకుపోయారు. బాపు రెండు మేకలు అమ్మి బాకీ కట్టి డబ్బా తెచ్చుకునేసరికి మడి నెర్రెలు పట్టింది. అప్పటికే నాలుగు బోర్లు వేస్తే ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి. ఆ అప్పు వేరే.

మోటరు బిల్లును మనం చార్జీ అన్నాం గానీ లెక్కేసి చూస్తే అది శిస్తే. కృష్ణా డెల్టాలో రెండెకరాల వరి పండించే రైతుకు ఆనకట్ట సర్కారు కట్టింది, కాలువ సర్కారు తవ్వింది. ఆయన కట్టేది నీటి తీరువా. 1997లో పెంచిన తర్వాత కూడా ఎకరాకు 200, అంటే రెండెకరాలకు 400 రూపాయలు. అదే రెండెకరాలకు మా దగ్గర బోరు సొంతం, పైపులు సొంతం, కేబుల్ సొంతం. మోటరు కాలితే వైండింగ్ ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ట్రాక్టర్ కిరాయి కూడా మనవే. ఇవన్నీ అయ్యాక అప్పట్లో కరెంటు బిల్లు. అయినా కాలువ నీళ్లను సబ్సిడీ అన్నోళ్లు లేరు, బోరు కరెంటును మాత్రం సబ్సిడీ అన్నారు. డెల్టా రైతు మీద నాకు ఏ కోపమూ లేదు, ఆయన తీరువా పెంచమని అడగడమూ లేదు. లెక్క ఒక్క తీరుగా ఉండాలంటున్నా. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ మోటర్లలో సగానికి పైగా తెలంగాణలోనే ఉండేవి. మోటరు మీద వేసే ప్రతి రూపాయి ఎక్కువగా ఎవరి నెత్తిన పడేదో వేరే చెప్పాలా?

ఇక పెట్టుబడుల సంగతి. 1990లలో ప్రైవేటు విద్యుత్ కేంద్రాలను పిలిచినప్పుడు కేంద్రం ఇచ్చిన భరోసా ఏమిటంటే, 68.5 శాతం సామర్థ్యంతో నడిపితే చాలు, వాటాదారు పెట్టుబడి మీద 16 శాతం రాబడి. వానలు పడకున్నా, బోరు ఎండినా రైతుకు అలాంటి భరోసా ఎవరైనా ఇచ్చారా? జేగురుపాడు, కాకినాడ కేంద్రాలు అట్లా వచ్చినవే. ఆ తర్వాత ప్రపంచబ్యాంకు అప్పు, 1998 సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు ముక్కలు కావడం, 2000లో చార్జీల పెంపు. ఆ ఏడు ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు, ముగ్గురి ప్రాణాలు. ఆనాటి ముఖ్యమంత్రే 2012లో ప్రతిపక్ష నాయకుడు.

ఆనాడు ప్రతిపక్ష నాయకుడు రాజశేఖరరెడ్డి. తెలంగాణ విషయంలో ఆయన మనకు చేసింది తక్కువేం కాదు, అది వేరే కథ. కానీ కరెంటు విషయంలో ప్రతిపక్షంలో ఉండి చెప్పిన మాటను 2004 మే 14న మొదటి సంతకంతో నిలబెట్టుకున్నారు. ఆ సంతకం మా ఇంట్లో తెచ్చిన తేడా నాకు తెలుసు కాబట్టి ఒప్పుకోవాల్సిందే. అయితే చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టిన ఆయన కూడా బోరు మీద బతికే ప్రాంతానికి కాలువ ఎందుకు రాలేదో చెప్పలేదు. బిల్లు పోయింది. రాత్రి కరెంటు మిగిలింది. నేను ఇక్కడ డాలస్‌లో మధ్యాహ్నం మూడున్నరకు ఫోన్ చేస్తే అక్కడ రాత్రి రెండు గంటలకు బాపు బ్యాటరీ లైటు పట్టుకుని బాయికాడ ఉండేవాడు. పాములున్నాయి పైలం అనడం తప్ప నేను చేసేదేమీ ఉండేది కాదు.

సింగరేణి బొగ్గు రైలెక్కి ముద్దనూరు పోయింది, విజయవాడ పోయింది. భూపాలపల్లిలో, పాల్వంచలో 500 మెగావాట్ల చొప్పున వచ్చాయి, కాదనను. కరీంనగర్ జిల్లా నేదునూరులో 2100 మెగావాట్లంటూ 2010లో పునాదిరాయి వేశారు. గ్యాస్ రాలేదు, రాయి అక్కడే మిగిలింది. కేంద్రం కట్టిన చోట కూడా జనం సుఖపడ్డది లేదనుకోండి. థర్మల్ కేంద్రాలు వద్దన్నందుకు సోంపేటలో, కాకరాపల్లిలో శ్రీకాకుళం రైతుల మీదా తుపాకులు పేలాయి.

కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ తగ్గి 2012 నాటికి ఆ కేంద్రాలు సగం మూతపడ్డాయి. ఎప్పుడో వాడిన కరెంటుకు అప్పుడు సర్దుబాటు చార్జీ అని మా ఊరి ఇంటి మీటర్ల మీద వేశారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు ఆ సర్‌చార్జీ వద్దన్నారు, బాగుంది. ఆ ఒప్పందాల మాటేమిటి? ఈసారి పెట్టుబడి ఎక్కడ పెడతారు? పగటి పూట కరెంటు ఎన్ని గంటలు, ఏ ఏడాది నుంచి? పాలమూరు రైతు ఎవరైనా మైకు అందుకుని అడిగి ఉంటే బాగుండేది.

మనవాళ్లను కూడా వదలొద్దు. 2000లో చార్జీల పెంపు మీద ముఖ్యమంత్రికి ఉత్తరం రాసి, 2001 ఏప్రిల్ 27న డిప్యూటీ స్పీకర్ పదవికి రాజీనామా చేసిన కేసీఆర్ గారి పార్టీ కూడా 2014లో అధికారంలోకి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. అప్పుడు కూడా బొగ్గు మనదే, బోర్లు మనవే, ఒప్పందాల మీద సంతకం మాత్రం మన మంత్రిది. ఇక్కడి సభలకు శాసనసభ్యులను పిలిచి శాలువాలు కప్పుతున్నాం కదా. వచ్చే సభలో శాలువా కప్పే ముందే ఈ రెండెకరాల లెక్క వాళ్ల చేతిలో పెడదాం. కాగితం నేను రాసి తెస్తా.