జడ్జికి కూడా ఓటెయ్యాలా?

సంఘం సభల్లో ఈ మధ్య ఒక మాట గట్టిగా వినిపిస్తోంది. సర్పంచిని ఎన్నుకుంటున్నాం, ఎమ్మెల్యేని ఎన్నుకుంటున్నాం, జడ్జిని మాత్రం ఎందుకు ఎన్నుకోకూడదని. భూమి పరిహారం కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి చెప్పులరిగిన రైతు ఆ మాట అంటే తప్పు పట్టలేం. కానీ ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జడ్జీలకు ఎన్నికలున్నాయి. వెస్ట్ వర్జీనియాలో ఏమైందో వినండి. మాసీ అనే పెద్ద బొగ్గు కంపెనీ ఒక చిన్న గని యజమానిని మోసం చేసిందని తేల్చి, 5 కోట్ల డాలర్లు కట్టాలని 2002లో జ్యూరీ చెప్పింది. అప్పీలు ఇంకా పైకోర్టుకు చేరలేదు, 2004లో ఆ కోర్టు జడ్జి ఎన్నిక వచ్చింది. కంపెనీ అధిపతి బ్లాంకెన్‌షిప్ బెంజమిన్ అనే అభ్యర్థిని గెలిపించడానికి 30 లక్షల డాలర్లు గుమ్మరించాడు. బెంజమిన్ గెలిచాడు. 2007లో ఆ 5 కోట్ల తీర్పును 3-2తో కొట్టేశారు. ఆ ముగ్గురిలో బెంజమిన్ ఒకడు! కేసు నుంచి తప్పుకోమంటే తప్పుకోలేదు. ఆయన కూర్చోవడం తప్పని 2009లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, అదీ 5-4 తేడాతో. వెస్ట్ వర్జీనియా కోర్టు మళ్లీ విచారించినా కంపెనీయే గెలిచింది.

అక్కడ బొగ్గు కంపెనీ. ఇక్కడ ఎవరు ఖర్చు పెడతారో మనకు వేరే చెప్పాలా? మన దగ్గరున్నవి చందా పుస్తకాలే.

డబ్బు సంగతి పక్కన పెట్టినా చిక్కు తీరదు. ఊళ్లో 2000 ఓట్లున్నాయనుకోండి. ఫ్యాక్టరీకి భూములు పోయేది 60 కుటుంబాలకు. మిగతావాళ్లకు ఉద్యోగాల ఆశ. మళ్లీ ఓటడగాల్సిన జడ్జి ఎవరి వైపు చూస్తాడు? చట్ట ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోరాదని రాజ్యాంగం 300ఎ అధికరణంలో ఉంది. ఆ రక్షణ అవసరమయ్యేది ఆ 60 కుటుంబాలకే, ఓట్ల బలమున్న వాళ్లకు కాదు.

మెక్సికోలో 2025 జూన్ 1న జడ్జీలకు ఓటింగు పెట్టారు. వచ్చింది నూటికి 13 మంది. ఎవరికి వెయ్యాలో చీటీలు రాసి పంచారని గోల. చీటీల సంగతి మనకు తెలియనిదా!

అలాగని కొలీజియాన్ని నెత్తిన పెట్టుకోవడం లేదు. జడ్జీలే జడ్జీలను ఎంచుకునే ఆ గది తలుపులు తెరవాలి. ఒకరిని ఎందుకు తీసుకున్నారో, ఇంకొకరిని ఎందుకు వద్దన్నారో జనానికి చెప్పాలి. ఖాళీలు నింపాలి. పరిహారం కేసులకు గడువు పెట్టాలి. వచ్చే నెల మండల సభల్లో తీర్మానం చేయాల్సింది వీటి మీద.