ఇంజను నాడి

పుష్యమాసపు రాత్రి నాగులేటి యొడ్డు పల్లెలలో మెలకువ వచ్చిన యిల్లాలికి కోడికూతకంటె ముందు వినవచ్చునది ఆయిలింజను చప్పుడు. 1967లో నాగార్జునసాగరము కుడికాలువకు నీరు వదలిన పిదప పల్నాటి నేల కొంత తడిసినది. కరెంటు తీగ సాగినచోట మోటార్లును వచ్చినవి. అయినను కాలువకంటె ఎత్తుననున్న చేలకును, తీగ యందని వాగుగట్టు మిరపతోటలకును నీరెత్తునది నేటికిని ఆ యింజనే. దాని బాగోగులు పురుషుల పని యని మన మూరకుందుము. కాని రేయింబవళ్ళు ఆ చప్పుడు చెవిని బడునది మనకే గదా! అందుచేత ఈ నెల వంటయింటి సంగతులు విడిచి దీనిని వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా తోడికోడలు ఒకనాటి యుదయము, "ఇంజను గొంతు మాఱినది, లోపల నెవరో రోకటితో దంచుచున్నట్లున్నది" అని భర్తతో చెప్పినది. మా మఱది నవ్వి, "చలికి అట్లే కొట్టును, నీకేమి తెలియును?" అనెను. ఆయన మాటలో కొంత నిజము లేకపోలేదు. డీజిలింజనులో నిప్పురవ్వ యుండదు. నొక్కబడి వేడెక్కిన గాలిలో నూనె చిమ్మినంతనే అంటుకొనును. ఇంజను చల్లగా నున్నపుడు అది కొంచె మాలస్యముగా, ఒక్కపెట్టున మండుటచే చప్పుడు కటువుగా నుండి, వేడెక్కినకొలది తగ్గును. మా తోడికోడలు విన్నది తగ్గలేదు. నీటి బరువు పడినకొలది హెచ్చినది. మూడవనాటి రాత్రి ఇంజను బిగిసి నిలిచిపోయెను. అడుగున నూనె తక్కువై బేరింగు అరగిపోయినది. బాగు చేయించులోపల తొమ్మిది దినములు గడచెను; మిరప పూత రాలెను. ఆ పంట పెట్టుబడికై తాకట్టుపెట్టిన ఆమె గాజులు నేటికిని బ్యాంకులోనే యున్నవి.

ఈ సంక్రాంతి సెలవులలో మేము, మా వారు అక్కడ నుండగా మరల చప్పుడు మాఱినది. ఈ సారి రోకటిపోటు కాదు, బిందెలో గులకరాళ్ళు పోసి ఆడించినట్లు. ఒకసారి కాలినవాడు గనుక మా మఱది వెంటనే పట్టణమునుండి మిస్త్రీని పిలిపించెను. అతడు దూరముననే నిలిచి విని, మొత్తము విప్పవలెనని, పదునైదు వేలగునని చెప్పెను. ఇంటిలో మాటలు నిలిచిపోయినవి.

చిన్నతనమున మా తాతగారు శార్ఙ్గధరసంహితలోని నాడీపరీక్ష చెప్పుచుండిరి. వాతనాడి పామువలెను జలగవలెను, పిత్తనాడి కప్పవలెను, కఫనాడి హంసవలెను నడచునట. ఆరోగ్యనాడి యెఱుగనివానికి రోగనాడి తెలియదని వారి మాట. మేము ధైర్యము చేసి, "విప్పుటకు ముందు చప్పు డెక్కడిదో చూతము" అంటిమి. మా మఱది, "వదినా, ఇది పురాణము చదివినట్లు కాదు" అనెను గాని యడ్డుచెప్పలేదు.

మొదట ఇంజను నాపి బెల్టు తీయించి, ఉత్త యింజనును నడిపించితిమి. గులకరాళ్ళు మాయమైనవి! ఆ బరువైన పాతకాలపు ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగును. రెండు చుట్లకు ఒక పేలుడు చొప్పున 325 పేలుళ్ళు, అనగా సెకనునకు అయిదింటికి మించి. ఒక్కటియు తప్పక సమముగా వినబడినవి. నడుమ దెబ్బ తప్పుచుండినచో డీజిలులో నీరో, గొట్టములో గాలియో చేరినదని యనుమానింపవలెను. పైన సన్నగా టిక్కుటిక్కుమన్నచో వాల్వుల సందు పెరిగినదేమో చూడవలెను. క్రిందనుండి రోకటిపోటు వచ్చినచో మాత్రము ఎవరి యనుమతికిని కాచుకొనక ఆపించి, చల్లారిన పిదప నూనె చూడవలెను.

మరల బెల్టు వేయించి, అప్పడాలకఱ్ఱ యొక కొన పంపు పెట్టెకు, రెండవ కొన చెవికి ఆనించి వింటిమి. 1816లో పారిసులో లెనెక్కను వైద్యుడు కాగితము చుట్టి రోగి గుండె విన్నది ఇట్లే. (కొంగు నడుమున బిగించి, జడ ముడివేసికొని, చక్రమునకు బెల్టునకు ఎడముగా నిలువవలెను సుమండీ!) రాళ్ళ చప్పుడు పంపులోనిదే. నీరు చాలినంత రానపుడు పంపులో ఒత్తిడి తగ్గి, చల్లని నీరే ఆవిరి బుడగలగును. అవి చితుకుటే ఆ చప్పుడు. అట్లే విడిచినచో ఇనుపరెక్కలు గుంటలుపడి పోవును. వాగులోని గొట్టము పైకి లాగించగా చివరి జల్లెడబుట్ట నిండ నాచు, ఒక గోనెపీలిక! అర్ధగంటలో పని ముగిసినది. మిస్త్రీకి వచ్చిన దారిఖర్చు లిచ్చి పంపితిమి. అతడును మంచివాడే, వినలేదు గాని.

ఒక్కమాట. పంపు పీల్చు నెత్తు ఆఱేడు మీటర్లకు మించదు గనుక లోతైన బావులలో కొందఱు ఇంజనునే దింపుదురు. అందుండి చప్పుడు మాఱినచో చూచుటకై వెంటనే దిగరాదు, దిగనీయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును. తోడు దిగినవాడును తిరిగిరాడు.

ఇపుడు మా తోడికోడలు నూనె మార్చిన తేదీ గోడమీద బొగ్గుతో వ్రాయుచున్నదట. మా మఱది ఉదయము ఇంజను వేసి, "చప్పు డెట్లున్నది?" అని ఆమెను కేకవేసి యడుగుచున్నాడట. అప్పడాలకఱ్ఱ ఇంకను ఇంజను పాకలోనే యున్నది. అప్పడములు సీసాతో నొత్తుకొనుచున్నానని మొన్న జాబు వ్రాసినది.