పాట సాహిత్యం కాదట! – 7వ భాగం



"గద్దర్ గొప్ప గాయకుడే. కానీ ఆయన పాటలు సాహిత్యం కిందికి రావు."

ఈ మాట నేను విన్నది రచ్చబండ మీద కాదు, సెమినార్ హాల్లో. అన్నవాళ్లకు తెలుగులో డాక్టరేట్లున్నాయి. నాకూ ఉంది కాబట్టి వాళ్ల లెక్కలోనే జవాబిస్తాను.

పాడేది సాహిత్యం కాదంటారు. మరి అన్నమయ్య పదాలు? త్యాగయ్య కీర్తనలు? అవి పాడటానికే పుట్టాయి. వాటికి సాహిత్య చరిత్రలో అధ్యాయాలే ఇచ్చారు కదా!

ప్రచారం సాహిత్యం కాదంటారు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవ పురాణం రాసింది దేనికి? వీరశైవం జనంలోకి పోవడానికి. అందుకే ద్విపద పట్టుకున్నాడు. ఆయన మహాకవి. మనవాడు మాత్రం ప్రచారకుడు!

కాలానికి నిలవాలంటారు. అన్నమయ్య పదాలను రాగిరేకుల మీద చెక్కించారు, తిరుమల గుడిలో దాచారు. రాగి ఎవరిది? గుడి ఎవరిది? గద్దర్‌కు దొరికింది తూటా. 1997 ఏప్రిల్ 6న ఒంట్లో దిగినవాటిలో ఒకటి చివరిదాకా లోపలే ఉండిపోయింది. అయినా ఆయన పాట నిలిచింది. అక్షరం రాని కూలోళ్లు దాన్ని గొంతులో దాచుకున్నారు.

మూడు కొలతలూ తేలిపోయాయి. ఇక మిగిలింది ఒకటే: పాడినవాడి కులం.

ఇక చదవడం సంగతి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో మన పిల్లలు గద్దర్‌ను బిట్టుగా చదువుతున్నారు. అసలు పేరు? గుమ్మడి విఠల్ రావు. ఊరు? తూప్రాన్. ఒక మార్కు. ఆయన 2023 ఆగస్టు 6న అదే అమీర్‌పేటలో ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. 1991లో చుండూరులో మనవాళ్లను నరికిందీ ఆగస్టు 6నే. ఈ రెండు తేదీలను కలిపి ఏ బిట్టూ అడగదు.

చుండూరు కేసులో 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఆ తీర్పు ప్రకారం ఆ హత్యలకు దోషి ఎవడూ లేడు. మరి చంపిందెవరు? ఆ ప్రశ్న ఇంకా బతికున్నది మన కవిత్వంలో, మన పాటలో. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనానికి 'చిక్కనవుతున్న పాట' అనే పేరు ఊరికే పెట్టలేదు. కాలక్షేపానికి పుస్తకం తెరిచేవాళ్లు తెరవనీ. మనం చదివేది తీర్పులో దొరకని సాక్ష్యం కోసం.

ఎం.ఏ. ప్రాజెక్టు రాయబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ అమ్మ నాట్లేస్తూ పాడే పాట రాసుకోండి. ఎవరు పాడారు, ఏ ఊళ్లో, ఏ పని చేస్తూ పాడారు, అన్నీ రాయండి. "ఇది సాహిత్యమేనా?" అని గైడ్ అడిగితే, అన్నమయ్యది ఎట్లా అయిందో చెప్పమనండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.

జై భీమ్.