ఛాయాచిత్రం – కాగితపు సాక్ష్యం

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పాత ఇళ్లలో పూర్వుల ఛాయాచిత్రాలు నేటికీ కనిపిస్తాయి. వాటిలో ముఖాన్ని గుర్తించేవారే గాని కాగితాన్ని పరిశీలించేవారు అరుదు. ఇది సరిదిద్దుకోవలసిన లోపం.

గురజాడ (1862–1915), గిడుగు (1863–1940) జీవించిన కాలంలోనే ఛాయాచిత్ర ముద్రణ పద్ధతి మారిపోయింది. 1850లో వెలువడిన కోడిగుడ్డు తెల్లసొన పద్ధతిలో పలుచని కాగితపు నారలు భూతద్దంలో కనిపిస్తాయి. వెలుతురు భాగాలు పసుపెక్కుతాయి. తరువాత వచ్చిన జెలటిన్ పద్ధతిలో నారలు మరుగుపడతాయి. కాలక్రమాన నల్లని భాగాల అంచున వెండిమెరుపు తేలుతుంది. వరుసగా చుక్కలు కనిపిస్తే అది సిరాతో అచ్చయిన ప్రతి.

ఈ భేదం తెలియనివారు నకలుకు పటం కట్టించి, మూలాన్ని తడిగుడ్డతో తుడిచి పాడుచేస్తారు. ఇది నిపుణుల పని అనడం తగదు. చిన్న భూతద్దం, కొంత ఓర్పు చాలు. తుడవడానికి ముందు చూడడమే వారసుల కర్తవ్యం.