పని ఆపేస్తానంటే అది బెదిరింపు కాదా?



దుండిగల్, మల్లంపేట, బౌరంపేట వైపు కట్టే ఏ గేటెడ్ కమ్యూనిటీకైనా పొద్దున్నే పోయి చూడండి. ఊడ్చేది, తుడిచేది, ఇటుకలు మోసేది మన బస్తీల ఆడోళ్లే. వాళ్ల మీద మేస్త్రీకి, సూపర్‌వైజర్‌కి ఉన్న అధికారమంతా ఒక్క మాటలో ఉంటది: "రేపట్నుంచి రాకు." కత్తి అక్కర్లేదు. ఆ మాట అడ్డం పెట్టుకుని ఆమెను లొంగదీసుకుంటే చట్టం దాన్నేమంటది?

భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ తీసిన. ఆమెనో, ఆమె మనుషులనో చంపుతానని, గాయపరుస్తానని భయపెట్టి తీసుకున్న ఒప్పుదల చెల్లదంటది. చావు, గాయం. ఆకలి ఊసు లేదు.

లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు వెంటనే 28వ సెక్షన్ చూపిస్తారు. హాని జరుగుతదన్న భయంతో ఇచ్చిన ఒప్పుదల ఒప్పుదలే కాదు, హాని అంటే ఒంటికే కాదు, మనసుకు, పేరుకు, ఆస్తికి జరిగేది కూడా అని. మంచిదే. నిర్వచనం మొత్తం చదవండి. "చట్టవిరుద్ధంగా" కలిగించిన హాని అని ఉంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేని రోజుకూలీని రేపు పనికి పిలవకపోవడం ఏ చట్టానికి విరుద్ధం? అధికారంలో ఉన్నోడి కోసం 68వ సెక్షన్ ఉంది కదా అంటారా? అది తన నోటితోనే "రేప్ కిందికి రానిది" అని చెప్పుకుంటది.

1978లో సుప్రీంకోర్టు ఆదివాసీ అమ్మాయి మథుర కేసులో, ఒంటి మీద గాయాల్లేవని పోలీసులను వదిలేసింది. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది. ముప్పై అయిదేళ్లు!

నాకు మండేది ఇంకొకటి ఉంది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)లో పన్నెండో క్లాజు ఉండేది. దళిత, ఆదివాసీ స్త్రీ ఇష్టాన్ని శాసించగల స్థానంలో ఉన్నోడు, ఆ స్థానం వాడుకుని, మామూలుగా ఆమె ఒప్పుకోని లైంగిక దోపిడీ చేస్తే నేరం. గాయం అడగలేదు, కత్తి అడగలేదు. మేస్త్రీకి, దొరకు సరిగ్గా సరిపోయే మాట. శిక్ష మాత్రం ఆరు నెలల నుంచి అయిదేళ్లే. 2015 సవరణ చాలా మంచి తెచ్చింది, కాదనను. కానీ ఆ క్లాజును మాయం చేసింది. ఒప్పుదల లేకుండా తాకడం, మాటలు, సైగలు వచ్చినయ్. "శాసించగల స్థానం" పోయింది. అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న, రిపబ్లిక్ డే నాడు!

ఆ క్లాజు తిరిగి రావాలె, శిక్ష పెంచి మరీ. అప్పటిదాకా స్టేషన్‌కు ఎవరికైనా తోడు పోతే, ఫిర్యాదులో "బెదిరించాడు" అన్న ఒక్క ముక్కతో వదలకండి. ఏమని బెదిరించాడు, కూలి ఎంత బాకీ ఉంది, ఉంటున్న గది ఎవరిది, అన్నీ రాయించండి. చేసిన పనికి కూలి ఎగ్గొడతాననడం చట్టవిరుద్ధమైన హానే. ఆ 28వ సెక్షన్ అక్కడ మన చేతికి దొరుకుతది.