పావు మైలు కరెంటు

ఆ మధ్య మా డెట్రాయిట్ ప్రాంతంలో జరిగిన ఒక తెలుగు సభలో, భోజనాలకి ముందు, ఒక పెద్దమనిషి తెర మీద బొమ్మలు చూపిస్తూ రేపటి రహదారుల గురించి ఉపన్యాసం ఇచ్చారు. కారు నడుస్తూ ఉండగానే రోడ్డే దానికి కరెంటు ఎక్కిస్తుందిట. ఆగక్కర్లేదు, తీగ తగిలించక్కర్లేదు. "ఇది మన డెట్రాయిట్ లోనే ఉంది. రేపు అమరావతికీ, హైదరాబాదుకీ రావాలి. మనమే తీసుకెళ్ళాలి" అన్నారాయన. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఇరవై ఏడేళ్ళుగా కార్ల కంపెనీలకి ఎలక్ట్రికల్ పని చేసి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి, కొట్టకపోతే ఏం బాగుంటుంది? పులిహోర తింటూ ఉండగా ఎందుకో సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు కనక ఇది రాస్తున్నాను.

ముందు ఆ రోడ్డు సంగతి. 2023 నవంబరులో డెట్రాయిట్ 14వ వీధిలో పావు మైలు మేర, రోడ్డు కింద రాగి చుట్టలు పరిచి ప్రారంభోత్సవం చేశారు. అమెరికాలో జనం తిరిగే వీధిలో ఇలాంటిది అదే మొదటిది. పరిజ్ఞానం ఎలెక్ట్రియాన్ అనే ఇజ్రాయెల్ కంపెనీది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది 19 లక్షల డాలర్లు. సూత్రం మనకి తెలిసిందే. సెల్ ఫోన్ ని తీగ లేకుండా బిళ్ళ మీద పెడితే ఛార్జి అవుతుంది చూడండి, అదే. రోడ్డు కింద చుట్టలో పుట్టిన అయస్కాంత క్షేత్రాన్ని బండి అడుగున ఉన్న చుట్ట అందుకుని మళ్ళీ కరెంటుగా మార్చుకుంటుంది. అలాంటి బండి పైకి వచ్చినప్పుడే కింద చుట్ట మేలుకుంటుంది కనక నడిచేవాళ్ళకి భయం లేదు. ఇంజనీరుగా చెప్తున్నాను, ముచ్చటైన పనే. నేను వెక్కిరిస్తున్నది ఆ పనిని కాదు.

లెక్క మాత్రం చూద్దాం. పావు మైలు రోడ్డుని గంటకి ఇరవై మైళ్ళ వేగంతో దాటడానికి పట్టేది 45 సెకన్లు. ఆ 45 సెకన్లూ ఇరవై కిలోవాట్ల చొప్పున కరెంటు ఎక్కినా, మొత్తం కలిపి పావు యూనిట్. మామూలు కారు దాంతో ఒక మైలు నడిస్తే గొప్ప. అంటే సొంత కారుకి ఇది నిజంగా పనికిరావాలంటే ఊళ్ళో రోడ్లన్నీ తవ్వాలి, కార్లన్నిటికీ అడుగున చుట్టలు బిగించాలి. రాత్రి ఎనిమిది గంటలు గరాజ్ లో ఊరికే నిలబడి ఉండే బండికి, పగలు పదినిమిషాలు పరిగెడుతుండగా కరెంటు పెట్టడానికి ఇంత శ్రమా? గరాజ్ లో ప్లగ్గు ఉంది. మనందరి ఇళ్ళల్లోనూ ఉంది.

"పరిశోధన అంటే చిన్నగానే మొదలవుతుంది కదండీ" అంటారు. నిజమే. మరి అక్కడా ఇక్కడా మొదలైనవి ఏమయ్యాయో కూడా చెప్పాలి కదా, ఆ బొమ్మల్లో అవి లేవు. జర్మనీ వాళ్ళు 2019లో ఫ్రాంక్ ఫర్ట్ దగ్గర ఏ5 రహదారి మీద లారీల కోసం రైలుకి ఉన్నట్టు పైన తీగలు కట్టి, 2024 చివరితో ఆ ప్రయోగం ముగించేశారు. స్వీడన్ వాళ్ళు 2018లో రెండు కిలోమీటర్ల రోడ్డులో పట్టాలాంటిది దింపి చూశారు, తరువాత గోట్లాండ్ దీవిలో చుట్టలు పరిచి చూశారు. ఇక ఈ20 రహదారి మీద 21 కిలోమీటర్లు శాశ్వతంగా వేద్దామనుకుంటే, 2023లో వచ్చిన టెండర్లు బడ్జెట్ దాటిపోయాయని ఆపేశారు. లోకంలో అందరికన్నా ఓపిగ్గా ప్రయత్నించిన వాళ్ళు వాళ్ళు.

పనికొచ్చే చోటు లేకపోలేదు. ఇండియానాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2025లో గంటకి 65 మైళ్ళ వేగంతో పోతున్న పెద్ద ట్రక్కుకి 190 కిలోవాట్లు అందించి చూపించారు. ట్రక్కుకి అది అర్థమున్న పని. ఎక్కడా నిలవదు, పెద్ద బ్యాటరీ మోస్తే సరుకు తగ్గించుకోవాలి. దానికన్నా నాకు నచ్చింది కొరియా సంగతి. 2013లో గుమి అనే ఊళ్ళో రానూపోనూ 24 కిలోమీటర్ల దారిలో రెండు సిటీ బస్సులు ఇలాగే నడిపారు. రోడ్డంతా తవ్వలేదు, దారిలో 5 నుంచి 15 శాతం మేర చుట్టలు పరిస్తే చాలన్నారు. బస్సు రోజూ అదే దారిన పోతుంది, అవే స్టాపుల్లో ఆగుతుంది. బ్యాటరీ చిన్నదైనా సరిపోతుంది. ఒక్క చుట్ట మీద రోజంతా వందలమంది ప్రయాణం చేస్తారు.

బస్సు! సభలో ఆ మాట ఒక్కసారి కూడా వినపడలేదు.

14వ వీధి ఎక్కడుందో తెలుసా? మిషిగన్ సెంట్రల్ స్టేషన్ పక్కన. 1913లో కట్టిన మహా సౌధం. 1988లో ఆఖరి రైలు వెళ్ళిపోయాక పాడుబడి, 2018లో ఫోర్డ్ వాళ్ళు కొని, బాగుచేసి 2024లో తెరిచారు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. రైలు మాత్రం రాదు. ఆ స్టేషన్ ముందు ఆగే బండికి రోడ్డు లోంచి కరెంటు వస్తుంది!

నడిచే బండికి దారిలోనే కరెంటు ఇవ్వడం ఏదో రేపటి విద్య అన్నట్టు మాట్లాడతారు. ఈ ఊళ్ళో ట్రాములు అలాగే నడిచేవి. ఆఖరిది 1956 ఏప్రిల్లో వుడ్ వర్డ్ ఎవెన్యూ మీద తిరిగి ఆగిపోయింది. బాగా నడిచే బళ్ళని మెక్సికో సిటీకి అమ్మేశారు. మనవాళ్ళకీ ఇది కొత్త కాదు. మద్రాసులో 1895లోనే ఎలక్ట్రిక్ ట్రాము వచ్చింది. తమాషా ఏమిటంటే మొదట్లో దాని తీగ కూడా రోడ్డు కిందే ఉండేది, తరువాత పైకెక్కింది. 1953లో, మనకి మద్రాసు లేని ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడే, అదీ మూతపడింది. అంటే దారిలో కరెంటు అణా కాసులిచ్చి ఎక్కేవాడికి ఉన్నంతకాలం అది పాత చింతకాయ పచ్చడి. పీకి పారేశాం. సొంత కారున్నవాడికి ఇస్తామంటే మాత్రం "ఆహా, భవిష్యత్తు!"

ఇప్పుడు నా సిగ్గు దగ్గరికి వస్తాను. 2016 నవంబరు ఎన్నికల్లో, డెట్రాయిట్ చుట్టుపక్కల నాలుగు కౌంటీలనీ కలిపి మంచి బస్సు సౌకర్యం పెట్టడానికి ఇంటిపన్ను కొంచెం పెంచుతాం, ఒప్పుకుంటారా అని అడిగారు. వెంట్రుకవాసిలో ఓడిపోయింది. నేను వద్దనే ఓటేశాను. మేం ఉండేది నోవైలో. గుడి ఉంది, మంచి బళ్ళున్నాయి, ఇంటికి రెండు కార్లున్నాయి. బస్సు మనకెందుకు? మా వీధిలో నేను అడిగిన తెలుగువాళ్ళందరూ అదే మాట. పన్ను కట్టం, బస్సు రానివ్వం అని విడిగా ఉండిపోయిన ఊళ్ళల్లో మాదొకటి. 2022 నవంబరులో ఓక్లండ్ కౌంటీ మొత్తం పన్నుకి ఒప్పుకున్నాకే మా ఊరికి ఆ బస్సు దారి దొరికింది.

మా ఆఫీసులో రాత్రిళ్ళు శుభ్రం చేసే ఒకావిడ డెట్రాయిట్ నించి రెండు బస్సులు మారి, ఆఖరి మైలున్నర నడిచి వచ్చేది. జనవరిలో కూడా. నేను చాలాసార్లు కారులో దింపాను, ఆ మాట చెప్పి నా మంచితనం చాటుకున్నాను కూడా. ఆవిడ నడిచిన మైలున్నర నా ఓటులో ఉందని అప్పుడు తట్టలేదు. ఆవిడకి రోడ్డు కింద రాగి అక్కర్లేదు, రోడ్డు మీద బస్సు కావాలి.

ఇక మన ఊళ్ళకి "తీసుకెళ్ళడం". అయ్యా, ఇవాళ వేసిన రోడ్డుని రేపు మంచినీళ్ళవాళ్ళు, ఎల్లుండి డ్రైనేజీవాళ్ళు తవ్వే ఊళ్ళవి. పొలాల్లో ట్రాన్స్ ఫార్మర్లు విప్పి రాగి ఎత్తుకుపోయే దేశం. అక్కడ తారు కింద రాగి పరుద్దామంటున్నారు, కాపలా ఎవరు? అసలు అక్కడివాళ్ళు మనకన్నా ముందున్నారు. 2022లో తిరుపతి నించి తిరుమలకి ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టారు. కొండ దిగేటప్పుడు ఆ బస్సు తన బ్రేకుల్లోంచి కొంత కరెంటు తనే రాబట్టుకుంటుంది. రోడ్డుకేమీ చెయ్యలేదు. రోడ్డు లోపల కరెంటు మీద అంత మోజుంటే, పెద్ద బస్టాండ్లలో బస్సు ఆగే చోట నాలుగు చుట్టలు పరిచి చూడమనండి. అది కూడా డిపోలో ప్లగ్గు చాలదని తేలాకే.

ఇదంతా సభలో లేచి అడగాల్సింది. భోజనాలకి ఆలస్యమవుతుందని అడగలేదు. తరువాత ఆ వక్తగారికి కబురు పెట్టాను, ఈసారి వచ్చినప్పుడు 14వ వీధి రోడ్డు నేనే దగ్గరుండి చూపిస్తానని. చాలా సంతోషించారు. నోవై నించి బస్సులో వెళ్దామని ఇంకా చెప్పలేదు. ఎన్ని బస్సులు మారాలో నాకే తెలీదు, ముందు ఒకసారి నేను వెళ్ళి రావాలి.